పెన్సిల్ మసి కింద మచ్చ

ఆ రోజు దోర్నపాల్ సంత. మా దుకాణంలో లామినేషన్ మిషన్ పక్కన కూర్చుని, ఎదురుగా ఉన్న ముత్తవ్వ ముక్కు కాగితం మీద గీస్తున్నాను. అబ్బ, ఏం ముక్కు అది! రెండు పక్కలా ముక్కుపుడకలు, మధ్యలో చిన్న వంపు, నుదుటి మీది పచ్చబొట్టు దిగి వచ్చి ఆ వంపు దగ్గర ఆగినట్టుంటుంది. ఆ వంపు ఎటు తిరిగిందో సరిగ్గా చూద్దామని గీత ఆపి, పెన్సిల్ పట్టుకున్న చెయ్యిని అలవాటుగా పక్కనున్న రేకు మీద ఆనించాను. అది అప్పుడే పది కార్డులు అతికించి తీసిన మిషన్ పైరేకు.

ముత్తవ్వ కెవ్వుమంది. "ఓ బిడ్డా! నీ చెయ్యి కాలుతాంది, సోయి లేదా?"

వాసన నాకూ వచ్చింది. బయట ఎవరో కోడి ఈకలు కాలుస్తున్నారు అనుకున్నాను. చెయ్యి తీసి చూస్తే అరచేతి అంచున పెద్ద బొబ్బ. నొప్పి మాత్రం లేదు. భయపడాల్సింది అక్కడే. నేను భయపడలేదు సరికదా, బొమ్మ మీద చెమ్మ పడలేదు అని సంతోషపడ్డాను! మా ఆయన జిరాక్స్ మిషన్ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి చేతిమీద చల్లనీళ్లు పోస్తుంటే, "కాగితం తడుస్తుంది, అటు పోయండి" అని కసిరాను కూడా.

నా పేరు సరోజ. పుట్టింది కొంటాలో, మెట్టింది దోర్నపాల్‌లో. ఇంట్లో తెలుగు, దుకాణంలో హిందీ, సంతరోజు గోండీ, దోర్లీ. మా ఆయనది ఫోటో, జిరాక్స్ పని. నాది బొమ్మల పని. ఇటు చాలా ఊళ్లలో మనిషి పోతే దారి పక్కన ఒక స్తంభం నిలబెడతారు. దాని మీద పోయిన మనిషి బొమ్మ ఉంటుంది. పక్కన ఆ మనిషికి ఇష్టమైనవి, సైకిలో, కోడిపుంజో, డోలో. రంగులేసే అతను వేరే. అతనికి ముందుగా కాగితం మీద నిలువెత్తు బొమ్మ కావాలి. అది నేను గీసిస్తాను. కాగితం వెనక పెన్సిల్ మసి పూసి, స్తంభానికి అంటించి, పైనుంచి గీతల వెంట నొక్కితే బొమ్మ సిమెంటు మీదికి దిగుతుంది.

చిక్కు ఎక్కడంటే, పోయినవాళ్లకి చాలామందికి ఆధార్ ఫోటో ఒక్కటే ఉంటుంది. అందులో ఎవరైనా ఒకటే లెక్క, బెదిరిపోయి, బిగుసుకుపోయి. ఆ తపాలా బిళ్లంత ముఖంలోంచి నేను మనిషిని లాగాలి. అచ్చం మనిషిలాగే రావాలి, కనురెప్ప వెంట్రుకతో సహా. అదే నా పంతం, అదే నా పేరు. "సరోజ గీస్తే చనిపోయినోడు దగ్గుతాడు" అని రంగులేసే అతను అనేవాడు.

ముత్తవ్వ దోర్ల తెగ ఇంటి ముసలమ్మ. సంతకి చింతపండు, ఇప్పపూలు తెచ్చి అమ్ముతుంది. ఒకరోజు తన ఆధార్ కార్డు నా ముందు పడేసి, "సచ్చినంక నా స్తంభం మీద ఈ ఫోటో ఎక్కిస్తరు బిడ్డా. సూడు, పోలీసులు పట్టుకున్న దొంగ లెక్క లేనా? నేను బతికుండంగనే నన్ను గియ్యి" అంది. నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఇన్నేళ్లలో ఒక్కరూ బతికుండగా నా ఎదుట కూర్చోలేదు! ఊపిరి తీస్తూ, ఆవలిస్తూ, నన్ను తిడుతూ కూర్చునే మనిషి దొరికింది. ప్రతి సంతకీ కాసేపు కూర్చోవాలి అని మాట తీసుకున్నాను.

ఇప్పుడు నా చేతి సంగతి చెప్పాలి, అది తెలియకపోతే ఈ రోగం ఎట్లా దాక్కుందో అర్థం కాదు. బొమ్మలో నీడలు మెత్తబడటానికి పట్నం వాళ్లు కాగితపు చుట్టతో రుద్దుతారట. నేను కుడిచేతి అంచుతో రుద్దుతాను, చిటికెనవేలు మొదలు మణికట్టు దాకా. ఆ అంచుకి మసి పొర పట్టి ఉంటేనే నీడ సాఫీగా వస్తుంది. కడిగిన చెయ్యి పెడితే చారలు పడతాయి. అందుకని ఒక బొమ్మ అయ్యేదాకా ఆ అంచు సబ్బుతో తోమను. ఒక బొమ్మ అయ్యేలోపు ఇంకొకటి వస్తుంది. అట్లా ఏళ్ల తరబడి నా చేతి అంచు నల్లగానే ఉండిపోయింది. మా ఆయన సణిగితే, "అన్నం తినేది వేళ్లతో, అంచుతో కాదు" అని నోరు మూయించేదాన్ని.

బొబ్బకి సంతలో మందులిచ్చే డాక్టర్ బాబు పూతమందు ఇచ్చాడు. స్పర్శ లేదు అని చెప్తే నవ్వాడు. "రోజంతా కాగితం మీద రుద్దితే తోలు మొద్దుబారదా? నరం కూడా కాస్త నొక్కుకుని ఉంటుంది" అని బలం బిళ్లలు రాశాడు. అతన్ని అనేదేముంది, నేనూ అదే అనుకున్నాను. నాగలి పట్టినవాడికి అరచేయి కాయలు కాస్తుంది, నాకు అంచు మొద్దుబారింది, అంతే గదా!

బొబ్బ మానడానికి చాలారోజులు పట్టింది. మానాక చిటికెనవేలు మాట వినడం మానేసింది. మిగతా వేళ్లతో కలవకుండా పక్కకి పోయి నిలబడేది, అలిగిన కోడలు లెక్క. గీస్తుంటే అది కాగితానికి రాసుకుపోయి, ఒకరోజు ముత్తవ్వ చెంప మీద అడ్డంగా నల్లటి చార లాగింది.

మళ్లీ సంతకి వచ్చినప్పుడు ముత్తవ్వ చూసి, "ఏందిది? నా చెంప మీద ఈ దెబ్బేంది? నా మొగుడు సుత ఇట్ల కొట్టలే!" అంది.

"చెరిపేస్తాలే అవ్వా."

"తొందరగ కానియ్యి. ఈ ఎండాకాలం దాటుతనో లేదో నాకే తెల్వదు."

చెరిపాను, మళ్లీ గీశాను, మళ్లీ చార పడింది. అప్పుడు మొదటిసారి భయపడ్డాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఆ చెయ్యి పోతే నేనేం చేయాలి?

ఆ నెలలోనే కొంటాలో మా చెల్లెలి కూతురి పెళ్లి వచ్చింది. గోరింటాకు పెట్టించుకోవాలంటే మసి పోవాలి గదా. కిరసనాయిలు, సబ్బు, పీచు పెట్టి పెరట్లో కూర్చుని చెయ్యి తోముతున్నాను. తోమేకొద్దీ నలుపు పోయింది, దాని కింద ఇంకో రంగు బయటపడింది. అంచు పొడుగునా పాలిపోయిన మచ్చ. చుట్టూ అంచు కొంచెం ఎర్రగా, లోపల పొడిగా, ఒక్క చెమట చుక్క లేకుండా.

"ఏమయ్యా, ఇటు రండి. ఇదేంది?"

మా ఆయన వచ్చి వేలితో తాకాడు. తరవాత జేబులోంచి పెన్సిల్ తీసి, "కళ్లు మూసుకో. పొడిచినప్పుడు చెప్పు" అన్నాడు. మూసుకున్నాను. కాసేపు ఆగి, "పొడవండి మరి, ఎంతసేపు?" అన్నాను. కళ్లు తెరిస్తే మచ్చ మీద పెన్సిల్ ములుకు గుర్తులు వరసగా ఉన్నాయి. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పెళ్లికి వెళ్లాం, అక్షింతలు వేశాం, నేను గోరింటాకు ఎడమచేతికే పెట్టించుకున్నాను.

పెళ్లి కాగానే సుక్మా బస్సెక్కాం. ఆసుపత్రిలో ఒక లేడీ డాక్టర్. హిందీలో మాట్లాడుతుంది, మాట తక్కువ, చెయ్యి చురుకు. ముందు ఒక చిన్న కాగితం ముక్క తీసి నా ఉంగరపువేలికీ చిటికెనవేలికీ మధ్య పెట్టి, "గట్టిగా పట్టుకో, వదలకు" అంది. నేనెంత బలంగా పట్టుకున్నానో నాకు తెలుసు. ఆవిడ రెండు వేళ్లతో లాగితే కాగితం వెన్నలోంచి వెంట్రుకలా వచ్చేసింది. బతుకంతా కాగితం పట్టుకున్న దాన్ని, కాగితం ముక్క పట్టుకోలేకపోయాను!

తరవాత మోచేతి వెనక తడిమి, "అల్నార్ నర్వ్ థిక్ ఉంది" అంది, అంటే చిటికెనవేలి దాకా పోయే నరం లావెక్కిందని. నా వేలు కూడా అక్కడ పెట్టించింది. చర్మం కింద తాడు ఉన్నట్టు తగిలింది. కళ్లు మూయించి బాల్‌పెన్ మొనతో చేతినిండా తాకింది, తగిలితే 'హా' అనాలి. వీపు చూసి, "ఇక్కడా రెండు అనస్థీటిక్ ప్యాచెస్, స్పర్శ లేని మచ్చలు" అంది. వీపు మీద ఏముందో ఎవరు చూసుకుంటారు? చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి, క్రిములు ఉన్నాయేమో చూడటానికి స్కిన్ స్మియర్ తీశారు. రక్తపరీక్షలు చేశారు.

రిపోర్టులన్నీ చూసి డాక్టరమ్మ, "హాన్సెన్స్ డిసీజ్. కుష్ఠు అంటారు" అని సూటిగా చెప్పేసింది.

మా వైపు పెద్దరోగం అంటాం. ఆ పేరు ఎత్తడానికి కూడా జనం గొంతు తగ్గిస్తారు. నేను ఒక్కటే అడిగాను: "మేడమ్, నేను బొమ్మలు గీస్తాను. గీయగలనా?"

ఆవిడ నా వేళ్లు అటూ ఇటూ వంచి చూసింది. "బ్యాక్టీరియాని చంపుతానని మాటిస్తాను. నరం సంగతి మాటివ్వలేను. కానీ బలహీనత ఈ మధ్యే మొదలైంది, అది మన అదృష్టం. ఎం.డి.టి., అంటే మూడు మందుల కోర్సు, ఈ రోజే మొదలుపెడదాం. మందు మొదలైతే నీ నుంచి ఎవరికీ అంటదు. విడిగా పళ్లెం, విడిగా పడక, అవేమీ వద్దు. ఏం జరిగినా మాత్రలు మాత్రం ఆపకు" అంది. ఇంట్లో వాళ్లకి ముందుజాగ్రత్తగా ఇచ్చే మాత్ర మా ఆయన చేత అక్కడే మింగించింది.

బస్సులో దారి పొడుగునా ఏడ్చాను. మా ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఏడిస్తే ఏడువు. మాత్ర మింగి ఏడువు" అన్నాడు. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. అప్పట్నుంచి మా ఇంట్లో మాత్రలకి పిలుపు అదే, "ఏడుపు వేళైంది, లే!"

మర్నాడు పొద్దున మూత్రం ఎర్రగా వచ్చింది. వామ్మో, పోయాను అనుకుని కేకలు పెట్టాను. రిఫాంపిసిన్ వేస్తే అట్లాగే వస్తుందని మాత్రల అట్టపెట్టె ఇస్తూ నర్సమ్మ చెప్పనే చెప్పింది, నేను చెవిన వేసుకోలేదు. నెలలు గడిచేకొద్దీ ఇంకో మాత్ర, క్లోఫజిమిన్ వల్ల ఒళ్లు నల్లబడింది. అద్దంలో చూసుకుని, "ఎవరో నాకే షేడింగ్ వేస్తున్నారు" అనేదాన్ని. అందరూ నవ్వలేదు. మా దూరపు చుట్టం ఒకామె వచ్చి తన గ్లాసు తనే తెచ్చుకుంది. నేను ఊరుకోలేదు. "వదినా, గ్లాసుతో పాటు గాలి కూడా తెచ్చుకోకపోయావా?" అన్నాను. మళ్లీ రాలేదు. పీడా పోయింది.

ముత్తవ్వకి మాత్రం చెప్పడానికి భయపడ్డాను. చెప్తే లేచిపోతుందేమో, బొమ్మ సగంలో ఆగుతుందేమో అని. సంతరోజు ఆమె స్టూలు మీద కూర్చోగానే ఒక్క గుక్కలో చెప్పేశాను. "అవ్వా, నాకు పెద్దరోగం వచ్చింది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మందు మింగుతున్నవా?"

"మింగుతున్నా."

"మరింకేంది? నా చెంప మీది దెబ్బ తుడువు ముందు."

ఆ పూట నాకు పట్టిన హుషారు చెప్పలేను. సాయంత్రం దాకా గీశాను. కళ్లు అయిపోయాయి, పెదాలు అయిపోయాయి. ఇక రోగం వెనకపడింది, నేను ముందున్నాను అనుకున్నాను.

వానలు మొదలయ్యాక అసలు దెబ్బ తగిలింది. ఒకరోజు నిద్ర లేచేసరికి మచ్చలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మోచేతి నుంచి చిటికెనవేలి దాకా కరెంటు షాకులు. పెన్సిల్ పట్టుకోబోతే దానంతట అది జారిపోయింది. రెండు వేళ్లు లోపలికి ముడుచుకుని తెరుచుకోవడం లేదు. మా పక్కింటామె, "మందు వేడి చేసింది, ఆపెయ్" అంది. నాకూ అదే బుద్ధి పుట్టింది. మా ఆయన అట్టపెట్టె నా చేతికి దొరక్కుండా తన దగ్గర పెట్టుకుని, నన్ను సుక్మాకి, అక్కడ్నుంచి డాక్టరమ్మ మాట మీద జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ చేర్చుకున్నారు.

"టైప్ వన్ రియాక్షన్" అన్నారు. అంటే మందు చెడు చేయడం కాదట, చచ్చిన క్రిముల మీద మన ఒళ్లే యుద్ధం చేస్తుందట, ఆ గొడవలో నరం వాస్తుందట. ఎం.డి.టి. ఆపకుండా దాంతోపాటు వాపు తగ్గడానికి ప్రెడ్నిసోలోన్ మొదలుపెట్టారు. చెయ్యి కదలకుండా స్ప్లింట్ కట్టారు. ఆ మందుకి ఆకలి ఎంతంటే, వార్డులో భోజనం బండి చప్పుడు అందరికంటే ముందు నాకే వినిపించేది. ముఖం గుండ్రంగా పూరీలా పొంగింది. షుగర్ చూస్తూ ఉన్నారు. పెన్సిల్ ముట్టొద్దు అన్నారు. అది మాత్రం మింగుడు పడలేదు.

అక్కడ ఫిజియో సార్ ఒకతను. జగదల్‌పూర్ మనిషే, ఓపిక చాలా ఎక్కువ. స్ప్లింట్ విప్పి, నా కళ్లు మూయించి, పెన్నుతో తాకుతూ 'హా' రాని చోటల్లా చుక్క పెట్టి, ఆ చుక్కల్ని కలుపుతూ నా చేతి మీద సరిహద్దు గీసేవాడు. అవతల స్పర్శ ఉంది, ఇవతల లేదు. నేను కళ్లు తెరిచి చూసి, "సార్, మీ గీత వణుకుతోంది" అన్నాను. "అయితే మీరే గీసుకోండి" అని పెన్ను నా ఎడమచేతిలో పెట్టాడు.

ఆ మాట వేళాకోళానికి అన్నాడు. నాకు మాత్రం పట్టుకుంది. ఆసుపత్రి చీటీ వెనక, ఎడమచేత్తో, నా కుడిచేతిని గీయడం మొదలుపెట్టాను. స్పర్శ ఉన్న చోట నీడలు వేసి, ముడతలు, గోరు, నరం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. స్పర్శ లేని చోట ఏం వేయాలి? చూస్తే చర్మం ఉంది, తాకితే నాకు లేదు. ఉందని గీస్తే అబద్ధం, వదిలేస్తే కూడా అబద్ధమే. చివరికి అక్కడ ఒట్టి గీత లాగాను. నీడ లేదు, ముడత లేదు. వేలి పక్కగా దిగి, మణికట్టు దాటి, ఊరికే కాగితం చివరిదాకా పోయే గీత. గీసి చూసుకున్నాను. ఎడమచేతి గీత వంకరటింకరగా ఉంది, అయినా అది నా చెయ్యే! ఫోటో తీస్తే కూడా అది అంత నా చెయ్యిలా ఉండదు. ఆ చీటీ మా ఆయనకి చూపిస్తే, "ఈ పక్కన గీయడం మర్చిపోయినట్టున్నావు" అన్నాడు. పోనీలే పాపం, ఆయనది జిరాక్స్ బుర్ర.

కొన్నాళ్లకి ఒకపొద్దున ఫిజియో సార్ పెన్నుతో తాకుతున్నాడు. కళ్లు మూసుకున్నాను. నిన్న 'హా' రాని చోట ఏదో తగిలింది. దోమ వాలినంత.

"హా!" అని వార్డు అదిరేలా అరిచాను. పక్కమంచం ఆవిడ ఉలిక్కిపడి, ఎవరికి బిడ్డ పుట్టింది అని అడిగింది. సార్ మళ్లీ తాకాడు. మళ్లీ హా! కళ్లు తెరిస్తే నిన్నటి గీతకి ఇవతల కొత్త గీత ఉంది. సరిహద్దు కదిలింది! వడగింజంత మేర నా చెయ్యి నాకు తిరిగొచ్చింది. ఆ రోజు బొమ్మలో ఆ వడగింజంత చోటికి నీడ వేశాను. ఎంత ఆనందంగా వేశానో! జీవితంలో ఏ ముఖానికీ అంత ఇష్టంగా నీడ వేయలేదు.

ఇంటికి పంపుతూ నియమాలు పెట్టారు. రోజూ చెయ్యి నీళ్లలో నానబెట్టి నూనె రాయాలి. వేళ్లని మెల్లగా సాగదీయాలి. వేడి గిన్నె గుడ్డతో పట్టుకోవాలి. మోచెయ్యి బల్ల మీద ఆనించకూడదు. చేతి అంచుతో రుద్దడం బంద్. ఆఖరి రెండూ విని నా ప్రాణం ఉసూరుమంది. మోచెయ్యి ఆనించకుండా, అంచు రుద్దకుండా నేను బొమ్మ ఎట్లా గీస్తాను? వంట చేయొద్దు అన్నా ఒప్పుకునేదాన్ని, సంతోషంగా ఒప్పుకునేదాన్ని!

గోడకి అట్ట కొట్టించి, నిలువుగా కాగితం అంటించి, నిలబడి గీయడం నేర్చుకున్నాను. పెన్సిల్‌కి గుడ్డ చుట్టి లావు చేశాను. నీడలు రుద్దడానికి పాత పంచె ముక్క. మోచెయ్యి ఆనకపోతే గీత భుజం నుంచి వస్తుంది, భుజం నుంచి వచ్చే గీత పొడుగ్గా, ఆగకుండా పోతుంది. మొదట్లో అది ఎటు పోతోందో నాకే తెలిసేది కాదు. ముత్తవ్వ ముఖం వరకు కాసేపు గీసి, కాసేపు చేతికి విశ్రాంతి ఇచ్చి, మెల్లగా పూర్తి చేశాను. చెంప బాగైంది. మిగిలింది ఒళ్లు. చీర మడతలు, పూసలు, బుట్ట, కాళ్లు, అవన్నీ అచ్చంగా గీయాలంటే నా వేళ్లకి శక్తి లేదు. ఎన్ని కాగితాలు చించానో!

సంతరోజు ముత్తవ్వ వచ్చి గోడ ముందు నిలబడింది. "తలకాయ ఒక్కటే ఉన్నది. ఒళ్లేది? నన్ను తలకాయతోటే పంపుతవా?"

నాకు చటుక్కున ఆసుపత్రి చీటీ గుర్తొచ్చింది. "అవ్వా, ఒక మాట అడుగుతా. నీ ఒంట్లో నీకు ఎక్కడెక్కడ తెలుస్తుంది?"

"అదేం మాట?"

"పొద్దున లేస్తావు గదా. ఒళ్లు ఎక్కడుందో నీకు గుర్తు చేసేది ఏంది?"

ఆమె ఆలోచించింది. తరవాత ఒక్కొక్కటీ తట్టి చూపించింది. "ఈ మోకాళ్లు. ఈ మడమలు, పగిలినయి గదా, కస్సుమంటయి. ఈ భుజం, కావడి మోసిన భుజం. ఈ చేతులు. మిగిలింది ఉన్నదో లేదో నాకు సుత తెల్వదు."

ఇంకేం కావాలి నాకు! ఆమె అక్కడే ఉండగా మొదలుపెట్టాను. మోకాళ్లు అచ్చంగా, చిప్ప మీది ప్రతి ముడతతో. మడమలు అచ్చంగా, పగుళ్లలో మట్టితో సహా. కావడి భుజం, వేళ్లు, గోళ్లు అచ్చంగా. మధ్యలో చీర లేదు, నడుము లేదు, ఒట్టి గీతలు. భుజం దగ్గర బయలుదేరి బుట్ట అల్లికలో కలిసి, అక్కడ్నుంచి జారి మోకాలి దాకా వచ్చి ఆగే గీతలు. భుజం నుంచి గీయమని ఆసుపత్రి నాకు పెట్టిన శిక్ష ఉంది చూశారా, అదే ఆ గీతల్ని లాక్కుపోయింది. వెనక్కి జరిగి చూస్తే, బొమ్మ నిలబడి లేదు, సంతకి నడిచిపోతోంది. నేను దుకాణంలో ఎగిరి గంతేశాను. ఇన్నేళ్లు కనురెప్ప వెంట్రుకలు లెక్కపెడుతూ కూర్చున్నాను గానీ, ఒక్క మనిషిని కూడా నడిపించలేదు!

రంగులేసే అతను చూసి తల గోక్కున్నాడు. "సగం గీసి వదిలేశారేంది అక్కా? స్తంభం మీద ఇదెట్లా దించాలి?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ముత్తవ్వ అందుకుంది. "స్తంభం నాది. సచ్చేది నేను. నీకేంది నొప్పి?"

ఏడాదికి ఎం.డి.టి. పూర్తయింది. డాక్టరమ్మ కార్డు మీద ఆర్.ఎఫ్.టి., అంటే చికిత్స పూర్తయింది అని రాసి, నవ్వడం తక్కువైన ముఖంతోనే నవ్వి, "రోగం పోయింది" అంది. మళ్లీ ఆ కాగితం ముక్క వేళ్ల మధ్య పెట్టింది. లాగింది. కాగితం రాలేదు, చిరిగింది! నేను ఆ సగం ముక్కని పర్సులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ప్రెడ్నిసోలోన్ మెల్లమెల్లగా తగ్గించి ఆపేశారు. నలుపు తగ్గుతోంది. చిటికెనవేలు కొంచెం వంకరగానే ఉంది, ఉండనీ. స్పర్శ చాలామేరకు వచ్చింది, అంచున చిక్కుడుగింజంత చోటు మాత్రం ఇంకా రాలేదు. రాకపోవచ్చు అని చెప్పారు.

ఇప్పుడు బొమ్మ అడిగే వాళ్లని ముందు ఇదే అడుగుతాను, పోయిన మీవాళ్లకి ఒంట్లో ఎక్కడ తెలిసేది అని. ఒకరు వీపు అంటారు, ఒకరు బొటనవేలు అంటారు, ఒక కొడుకు వాళ్ల నాయన చెవి అన్నాడు. అవి అచ్చంగా గీస్తాను. మిగతాది గీతలకి వదిలేస్తాను. ఊళ్లలో కొందరికి నచ్చలేదు, చాలామందికి నచ్చింది.

ముత్తవ్వ ఎండాకాలం దాటింది. ఇంకో ఎండాకాలం కూడా దాటింది. బొమ్మని స్తంభం దాకా ఆగనివ్వలేదు. "సచ్చినంక నేను సూస్తనా ఏంది?" అని మొన్నటి సంతకి వచ్చి, కాగితం చుట్ట కట్టించి తీసుకుపోతానంది. కడుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "ఆ ఆసుపత్రోళ్ల ఆట నేను సుత ఆడుత. కండ్లు మూస్కో."

మూసుకున్నాను. చీపురుపుల్ల తీసుకుంది కాబోలు, వేలి మీద తాకింది. హా. అరచేతి మీద తాకింది. హా. మణికట్టు, హా. మళ్లీ ఎక్కడ తాకుతుందా అని ఎదురుచూశాను. చాలాసేపు ఏమీ లేదు. కళ్లు తెరిచాను. ఆమె పుల్ల పారేసి, తన గరుకు వేలు ఆ చిక్కుడుగింజంత చోటు మీద గట్టిగా నొక్కి పెట్టి ఉంది.

"నీ బొమ్మ గీసుకున్ననాడు ఈడ ఒట్టి గీత వెయ్యి బిడ్డా," అంది. "మిగిలిందంత నీడ పెట్టు."

చుట్ట తలమీద పెట్టుకుని బస్సు దగ్గరికి నడిచిపోయింది, నేను గీసిన మోకాళ్లతో, నేను గీసిన మడమలతో. నేను గల్లా దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చాను, మాత్రలు లేకుండానే.

చదివేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, ఖర్చులేని పని. ఇంట్లో ఒకరిని పిలిచి, కళ్లు మూసుకుని, చేతులు, కాళ్లు, వీపు పెన్ను మొనతో తాకించుకోండి. పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ 'హా' రాకపోతే, ఆ పని అక్కడే ఆపి సర్కారు ఆసుపత్రికి పొండి. మందు ఊరికే ఇస్తారు, తొందరగా పోతే చెయ్యి కూడా దక్కుతుంది. కానీ అంతకంటే ముందు, మీ పని మీ ఒంటికి ఏది పూస్తుందో, మసో, మట్టో, సున్నమో, పసుపో, అది శుభ్రంగా కడుక్కుని మరీ చూసుకోండి.